ఆ రాత్రి చదివిన పేర్లు

సెకండ్ షిఫ్టు దిగి మొగిలన్న
బొగ్గు సగమే వదిలిన చేతులతో
రేడియో ముల్లు తిప్పుతడు.
రేకుల మీదినుంచి నీళ్ల ట్యాంకు దాక
రాగితీగె.
గోదావరిఖనిల రాత్రి రెండు.

చలికాలం ఒకనాడు
గరగర నడుమ ఒక గొంతు దొరికింది.
స్టేషన్ల పట్టీల వెతికితే జపాన్‌ది,
ఏదో చిన్న జిల్లాది.
ఆడమనిషి.
ఒక మాట, ఆగుడు.
ఒక మాట, ఆగుడు.

భాష రాదు గని
ఆ ఆగుడు ఎరుకే ఆయనకు.
బాయిల కప్పు కూలిన నాడు
పిట్ ఆఫీసు మెట్ల మీద
క్లర్కు మైకుల గట్లనే చదివిండు.
ఆరో పేరు తమ్మునిది.

కూసున్నోడు లేచి నిలబడ్డడు.
బ్యాటరీలు సచ్చేదాక నిలబడే ఉన్నడు.

తెల్లారి టైపు సెంటరు వసుంధరతోని
ఉత్తరం కొట్టిచ్చిండు:
తారీఖు, టైము, ముల్లు ఆగిన అంకె,
అడుగున ఒక్క ముచ్చట.
ఎందరు పోయిన్రమ్మా?

ఎండలు ముదిరినంక కార్డు వచ్చింది.
ఒకదిక్కు మంచుల మునిగిన టవరు,
ఇంకోదిక్కు ఇంగ్లీషు చేతిరాత.
వసుంధర విప్పి చెప్పింది:
"అయ్యా, ఎవ్వరూ పోలే.
అవి బడుల పేర్లు.
మంచు మస్తు పడ్డదని
ఆ పొద్దు సెలవిచ్చిన బడులు.
నలభై మూడు."

మొగిలన్న కార్డు మల్లేసి మల్లేసి చూసిండు.
రోడ్డు మీద డాంబరు కరుగుతున్నది.
నలభై మూడు బడుల పోరగాండ్లు
ఆయన ముందట మంచుల పడి దొర్లుతున్నరు.

నవ్వబోయి, ఆగి,
"మొదటి ముక్క మల్ల చదువు బిడ్డా" అన్నడు.

చదివింది.
ఎవ్వరూ పోలే.