మూడోసారి

మహారాణిపేటలో కలెక్టరాఫీసు గోడకి ఇవతల
జెరాక్సు షాపు మెట్టు మీద
ముప్ఫై ఒక్క ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
ఒకరి నోటిని ఇంకొకరి చెవి దాకా మోసే కూలీని.
పనితనం పెద్దగా ఏం లేదు:
ముందు, అడిగే మనిషి ఎంత మర్యాదస్తుడో;
తర్వాత లెక్క, సర్వే నంబరుతో సహా;
చివర్న, సంతకానికి కాస్త పైన
ఒక్క చుక్క కన్నీరు.
రెండు చుక్కలైతే గుమస్తా నవ్వుతాడు.

గరికిన పైడమ్మ వచ్చిన రోజు
మబ్బు పట్టి, వాన పడక, ఊరంతా చెమట.
హార్బర్ వెనక చేపలెండేసే అరుగు తీసేసి
కార్లు నిలిపే జాగా చేస్తారట.
మంగళవారం ప్రజాభిప్రాయ సేకరణ.
“మూడు నిమిషాలిస్తారంట బావూ.
మూడు నిమిషాల్లో ఎంత పడుద్ది?”

రాశాను.
నలభై ఒక్క మంది ఆడవాళ్లు, రోజుకి నూట పది గంపలు,
మూడు తరాల నుంచి, అని రాశాను.
అక్కడ కలం కొంచెం ఆగి, అలవాటు కొద్దీ,
ఆవిడ మొగుణ్ణి తీసుకొచ్చాను:
తుపాను రాత్రి, తిరిగిరాని తెప్ప,
ఒడ్డున దొరికిన ఒంటి చెప్పు.
(చెప్పు నా కల్పన.)
చదివి వినిపిస్తే
కాసేపు బీచి రోడ్డు వైపు చూసి
“ఆడు నా మనిషి.
సబలో పరవడానికి సేప కాదు. కొట్టీయ్” అంది.
కొట్టేశాను.
ఇన్నేళ్లలో నా కన్నీటి చుక్కని
నాకే వెనక్కిచ్చింది ఆవిడొక్కతే.

మంగళవారం. ఏసీ హాలు, సీసాల్లో నీళ్లు,
గోడ మీద వెలుగుతున్న పటం.
పటంలో అరుగు అప్పటికే లేదు.
వరసగా బొమ్మ కార్లు, వాటి వెనక
విశాఖలో ఎవరూ ఎప్పుడూ చూడనంత నీలంగా సముద్రం.
కన్సల్టెంటు కుర్రాడు బాగా మాట్లాడాడు.
నిజంగా బాగా.
నేను చేసే పనే చేశాడు, ముందు పరువు, తర్వాత లెక్క,
చుక్క పెట్టాల్సిన చోట
వాళ్లమ్మ వండే కానాగంతల పులుసు పెట్టాడు.
హాలు మెత్తబడింది.
నాకూ కళ్లు చెమర్చాయి,
సాటి పనివాడి పనికి.

అప్పుడు పైడమ్మ.
నా కాగితం మడిచి రొంటిన దోపుకుంది.
మైకుని పక్కకి జరిపింది.
తెల్లారగట్ల ఇంజన్ల హోరు మీద
నలభై బోట్లకి వినపడే గొంతు అది.
“పాట మొదలెడతన్నాను” అంది.

“ఆరొందల గజాల అరుగు.
ఎండ ఉచితం. గాలి ఉచితం. కాకులు కూడా ఉచితమే.
మాయమ్మ అరికాళ్లు కాలిన సిమెంటు.
కొనీసుకోండి. పాడండి.
ఎంత?”

ఎవడో నవ్వబోయి
పక్కవాడు నవ్వకపోయేసరికి దగ్గాడు.

“ఏటి బావూ, మీకాడ లెక్కలున్నాయి కదా.
కారుకి గంటకి ఇరవై అని రాసినారు.
ఎండకి గంటకి ఎంత రాసినారు?”

పెద్దాఫీసరు గారు కలానికి మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు.

“ఒకటోసారి.”
ఏసీ చప్పుడు.
“రెండోసారి.”

మూడోసారి అనలేదు.
సగం లేచిన చెయ్యి అలాగే ఉంది.
టైమైపోయిందని గంట కొట్టినా దించలేదు.
వేలం పాటలో ఒక చోటుంటుంది, రెండుకీ మూడుకీ మధ్య,
కొనేవాడు తన జేబు తనే తడుముకునే చోటు.
అందర్నీ అక్కడి దాకా తీసుకెళ్లి
వదిలేసి వచ్చేసింది.

తర్వాత నకలు తీయించి చూశాను.
“ఒక మహిళ అంశానికి సంబంధం లేకుండా మాట్లాడినారు.”
అంతే ఉంది.
అరుగు మీద కార్లు ఇంకా రాలేదు.
ఆవిడ మాట వల్లో, టెండరు గొడవ వల్లో
నాకు తెలీదు, తెలిసినట్టు చెప్పను.
ఫీజు కింద శేరు ఎండు నెత్తళ్లు పంపింది.
చేతి సంచి ఇప్పటికీ వాసనేస్తోంది.

మొన్న ఒక పింఛను అర్జీ రాసి పంపాను.
సాయంత్రం గుమస్తా ఫోన్:
“ఏంటండీ, సంతకం పైన
ఖాళీ వదిలేశారు, మర్చిపోయారా?”