తలనీలాల గోడౌన్

కొర్లగుంటలో మా ప్రాక్టీసు రూముకి
గోడలు కనపడవు, మూటలే.
దొరస్వామన్నది సవరాల యాపారం.
"ఊరికే వాయించుకోండిరా,
ఎలకలన్నా పారిపోతాయి" అన్న్యాడు.

రేకుల దాకా గోనెసంచుల్లో వెంట్రుకలు,
పొట్టివి కింద, పొడుగువి పైన.
నడుమ ఇరుకులో డ్రమ్ములు, రెండు ఆంపులు,
స్టాండు మీద నా ఎనిమిది తీగల గిటారు.

ఏడు తీగలది కొన్నప్పుడు మాయమ్మ అడిగింది,
"ఉన్న ఆరూ వాయించేసినావా?"
ఎనిమిది తీగలదానికి ఏమీ అడగలా.
జానతో మెడ వెడల్పు కొలిచి
"చపాతీ పీట మాదిరుండాది" అనింది.

ఎనిమిదోది డెబ్బై నాలుగు గేజు.
ఎఫ్ షార్ప్‌కి కట్టాల.
మేం ఆడ ఆగం, ఇంకా రెండు మెట్లు దించి
ఈ దగ్గర పెడతాం.
ఆ లోతులో సుతి చెవికందదు,
మోకాలిచిప్పకి తెలస్తాది.

తెగిందా, తిరుపతిలో దొరకదు.
బెంగుళూరికి చెప్పి రెండు వారాలు చూడాల.
ఒకసారి కరీముల్లా స్కూటరు క్లచ్చి వైరు తెచ్చినాడు.
నవ్వినాం.
నవ్వి, కట్టి చూసినాం.
ఎక్కం కనుమలో మూడో గేరులో లారీ దగ్గినట్టు దగ్గింది.
నిజం చెప్పాలంటే
ఆ దగ్గు ఒక పాటలో ఇప్పటికీ ఉండాది.

జాతర రోజుల్లో పలకలోళ్ళు
వీధి మూల గడ్డిమంట ఏసి తోలు కాపుకుంటారు.
వేడికి వాళ్ళ సుతి పైకి పోతాది,
అదే వేడికి నాది కిందికి జారతాది.
ఆ మంట కాడ నిలబడి తీగ బిగిస్తా ఉంటే
మునెప్ప తాత ట్యూనర్లోకి తొంగి చూసి
"దీపం చెప్తాదా నీకు?" అన్న్యాడు.
పచ్చలైటు ఎలిగిందాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టుకొని ఉన్న్యాం.

రాత్రి పదకొండుకి గూడా వాయిస్తాం.
వీధిలో ఎవురూ తలుపు తియ్యరు.
కాన్పు గట్టెక్కిన ఏ ఊరామెదో ఈ జడ,
బోర్లో నీళ్ళు పడిన ఏ రైతుదో ఈ గుప్పెడు,
మేం కొట్టిన ప్రతి దెబ్బా
ఈళ్ళ మొక్కుల్లోకి పోయి పండుకుంటాది.

మొన్న మద్రాసులో షో.
హార్డు కేసు ధర అడిగితే గిటారు ధర చెప్పినారు,
అందుకని హార్బరుకి పోయే దొరస్వామన్న లోడులోనే
మూటల మధ్య దూర్చినాం నా రెండు గిటార్లూ,
దుప్పట్లో చుట్టిన ఆంపు హెడ్డూ,
పెడల్ బోర్డూ, బిస్కెట్ల డబ్బాలో ఫ్యూజులూ.
నగరి చెక్‌పోస్టులో కానిస్టేబులు బ్యాగు తీసి
తీగలు ఒకటొకటే లెక్కబెట్టినాడు.
"ఎనిమిదా?"
"ఎనిమిదే సార్."
"ఇంకో రెండేసుంటే లెక్క సరిపోయుండును గదా"
అని కొంచెం బాధపడి, గేటెత్తినాడు.

హాల్లో ముప్పై ఒక్క మంది.
బ్యాగు తెరిస్తే ఎనిమిదో తీగ ఇసుమంతైనా కదల్లా.
నట్టు కాడ మాత్రం
మూరెడు వెంట్రుక చిక్కుకొనుండాది.
తీసేద్దామనుకునే లోపల సౌండ్ చెక్‌కి పిలిచినారు.

తిరిగొచ్చి ఖాళీ గోడౌన్లో
మొదటి నోటు కొట్టినానో లేదో
రేకులు అరిచినాయి, మూడు వీధుల కుక్కలు లేచినాయి,
నేలలోంచి వచ్చిన దెబ్బకి
నా పళ్ళు నాకే వినబడినాయి.
ఐదేండ్లుగా ఇంత గట్టిగా వాయిస్తా ఉండామా మేము?
పక్కింటి పాలాయన కర్రతో వచ్చి
తలుపు కాడే నిలబడిపోయినాడు.
"ఇన్నాళ్ళూ యాడుండిందిరా ఇది?"

సోమవారం కొత్త లోడు వస్తాదంట.
అందాకా హెడ్‌ఫోన్లు.