పెద్ద అక్షరాలు

మారిబోర్‌లో గ్రంథాలయం సైటూ, బస్సు టికెట్ల సైటూ
ఒకే బీరువాలో, ఒకే ఫ్యాను గాలికి బతుకుతాయి.
పలకరింపుల్లేవు.

జ్దెంకా గారు ఇక్కడ అక్షరాలు పెద్దవి చేసుకుంటారు.
అక్కడికెళ్తే మళ్ళీ చీమలు.
"సైటు మారితే కళ్ళు మారతాయా అబ్బాయ్!"

డిసెంబరు చలిలో రెండు రాత్రులు కూర్చుని
మధ్యలో ఒక చిన్న పట్టిక పెట్టాను:
ఆమె పేరున ఒక తాళంచెవి,
దాని కింద ఆమె సంగతులు. అన్నీ.

అన్నీ అన్నదే నా తప్పు.

సోమవారం ద్రావా వంతెన దగ్గర
టికెట్ తీస్తుంటే తెర మీద, వేలెడంత అక్షరాల్లో,
వెనక వరుసకంతా కనబడేలా:
"మూడు పుస్తకాలు బాకీ."

ఆమె తిట్టలేదు. పుస్తకాలు నా బల్లమీద పెట్టి
"చూపు సంగతి చెప్పమన్నాను,
చదువుకునేవాటి సంగతి కాదు" అంది.

పై పుస్తకం అట్టకి
చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది.