అర యూనిట్టు చలి

సఖినేటిపల్లి రేవులో పంటు దిగగానే
ఎడంచేతి వైపు మూడో బడ్డీ నాది.
సోడాలు, మజ్జిగ పొట్లాలు, చార్జింగు వైర్లు,
మూలనో నడుమెత్తు ఫ్రిజ్జు.
యాభై లీటర్లు. తలుపు మీద రెండు నక్షత్రాలు,
అందులో ఒకదాన్ని మా పిల్ల గోటితో గీకేసింది.

చిన్నది కదా, చిన్నగానే తింటుందనుకున్నాను,
కోడిపిల్లకి గుప్పెడు నూకలు చాలవూ అని.
వైశాఖంలో సబ్‌మీటరు చూసి
పెచ్చెట్టి వారు లెక్క చెప్పారు:
నలభై ఒక్క యూనిట్లు, యూనిట్టుకి పది.
"మా ఇంట్లో బీరువా అంతది కూడా ఇంత తినదమ్మా,
నీ బొమ్మ ఫ్రిజ్జుకి ఏం ఆకలి!" అని నవ్వారు.
ఆ నవ్వుక్కూడా పది వేశారేమో.

గవర్రాజు వచ్చాడు, సైకిలు వెనక గ్యాసు బుడ్డి కట్టుకుని.
జేబులోంచి పాత పంటు టిక్కెట్టు తీసి
తలుపు సందులో పెట్టి మూశాడు. లాగాడు.
అడ్డం లేకుండా వచ్చేసింది,
రద్దీలో డబ్బివ్వకుండా రేవు దాటేసినవాడిలా.
"ఆయ్, ఇక్కడండి మీ డబ్బులు కారిపోయేది.
చిన్నపెట్టెకి పొట్ట తక్కువ, ఒళ్లెక్కువ.
గోడలా పలచన. లోపల కాస్త చలి ఉంటే
ఆరు వైపులా ఎండ కాచుక్కూర్చుంటది."

వెనక్కి తిప్పితే
నల్ల తీగల మీద ఉప్పుగాలి తెచ్చిన తుప్పు,
బూజు, ఎండిపోయిన బొద్దింక ఒకటి.
గోడకి ఆనించేశాను కదా,
తను కక్కిన వేడినే మళ్లీ తాగుతోంది పాపం.
లోపల ఐసు అర చుట్టూ రెండు వేళ్ల మందం మంచు.
మంచుంటే ఇంకా చల్లన కదా అన్నాను.
"అది దుప్పటండి. చలిని బయటికి రానివ్వదు."
కత్తి తీయబోతే కసిరాడు.
ఆ రాత్రి తలుపు బార్లా తీసి పడుకున్నాను.
తెల్లారేదాకా సత్తుగిన్నెలోకి చుక్క, చుక్క,
నెలనెలా డబ్బు కట్టి కొన్న చలికాలం.

కొత్త రబ్బరుకి మూడొందల యాభై.
గోడకీ దానికీ మధ్య జానెడు సందు.
ఖాళీగా ఉన్నచోట నీళ్ల సీసాలు పెట్టమన్నాడు.
తలుపు తీస్తే గాలి పారిపోద్దిగానీ
నీళ్లు ఎక్కడికి పోతాయండి, అని.

అడుగు అరలో నేను అమ్మనివి ఉంటాయి.
బిస్కెట్ల డబ్బాలో ఏడు ఇన్సులిన్ సీసాలు,
తెల్ల ప్లాస్టరు మీద పేర్లు:
నూకరాజు, మేషక్ మాస్టారు, పెద సత్యవతి,
మిగతావాళ్లవి తడికి అలుక్కుపోయాయి, నాకు గుర్తే.
వేటకి పోయేముందు చీకట్లోనే నూకరాజు వచ్చి
బడ్డీ వెనక నిలబడి పొట్టలో పొడుచుకుని
పది కాగితం చాపుతాడు. వద్దంటాను.
ఆ వద్దుని ఏ పద్దులో రాయాలో తెలీదు.

ఇప్పుడు తలుపు తీసినప్పుడల్లా
చెక్క మీద సుద్దతో ఒక గీత.
మొదటిరోజు తొంభై మూడు.
సోడా చల్లబడిందో లేదో వేలితో తాకి చూసేవాళ్లు,
ఏం కావాలో తలుపు తీశాక ఆలోచించేవాళ్లు.
వారం తిరిగేసరికి నలభైకి దించాను,
గొంతు పోయింది అరిచి అరిచి.
కొబ్బరి పీచు మిల్లు నుంచి మధ్యాహ్నం వచ్చే
రోజా మాత్రం ఏమీ కొనదు.
తలుపు తీసి మొహం లోపలికి పెట్టి
కళ్లు మూసుకుని అయిదు దాకా లెక్కపెడుతుంది.
ఆ గీత కూడా గీస్తాను, కాస్త పొట్టిగా.

ఈ నెల ఇరవై రెండు.
పాడైందేమోనని పెచ్చెట్టి వారు
మీటరుని రెండుసార్లు తట్టి చూశారు.

నిన్న రాత్రి గాలివానకి కరెంటు పోయింది.
పంటు కట్టేశారు. అవతల నర్సాపురం కూడా నల్లగా ఉంది.
ఫ్రిజ్జుకి వీపు ఆనించి కూర్చున్నాను,
నాలుగ్గంటలు, ఎవర్నీ చెయ్యి వేయనివ్వకుండా.
కరెంటు రాగానే ఒళ్లు విదిలించుకుని
గుర్రు మొదలెట్టింది.
ఆగలేక తలుపు తీశాను.
డబ్బాలో సీసాలు చెంపకి ఆనించి చూస్తే
చల్లగానే ఉన్నాయి, ఏడూ.
మూసి, సుద్ద వెతికి,
నా గీత నేను గీసుకున్నాను.