మైనపు పళ్ళు

లా గొమేరా దీవిలో
లోయకి ఈ గట్టునుంచి ఆ గట్టుకి
ఈలతోనే కబుర్లు చెప్పుకుంటారు.
మేక తప్పిపోయిందనీ, పడవ వచ్చిందనీ,
ఫలానా ఇంట్లో పురుడొచ్చిందనీ
అన్నీ ఈలలే.

ఎవుతీమియోకి డెబ్భై రెండు.
మార్చిలో చివరి నాలుగు పళ్ళూ తీయించుకుని
అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.
అప్పట్నుంచీ వేలు మడిచి నోట్లో పెడితే
వచ్చేది గాలి.
ఎదుటి కొండమీద ఒతీలియా మూడు రోజులు చూసి
నాలుగో రోజు కొడుకుని పంపింది,
బతికున్నాడో లేదో కనుక్కురమ్మని.

పోయినసారి అచ్చు తీసినప్పుడు
చల్లటి గులాబీ ముద్ద గొంతుదాకా జారింది.
కుర్చీ చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే
డాక్టర్ యురేనా అతని వేళ్ళు
ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది.
పంటి బిగువున ఓర్చుకోమన్నాడు తమ్ముడు.
ఏ పంటి బిగువున?

రాత్రంతా ఒకటే ఆలోచన.
గట్టిగా ఊదితే
సెట్టు సెట్టంతా ఎగిరి లోయలో పడుతుందని.
కింద అరటితోటలో ఎవరో దాన్ని ఏరి,
కడిగి, తెచ్చి ఇస్తారని.
పడిపోవడం కాదు,
ఆ తెచ్చి ఇవ్వడమే తట్టుకోలేనిది.

ఇవాళ మైనంలో నిలబెట్టిన పళ్ళు
నోట్లో పెట్టి చూస్తున్నారు.
నోరు ఎవరిదో అయిపోయింది.
నాలుక
కరెంటు పోయిన గదిలో స్విచ్చి వెతికే చెయ్యి.

"అరవై ఆరు అనండి," అందావిడ.
వాళ్ళ భాషలో ఆ అంకె నిండా సకారాలే.
చిన్నప్పుడు బళ్ళో
త థ ద ధ న ల స దంత్యాలని వల్లె వేయించిన మాస్టారు
పళ్ళు లేనివాడి సంగతి మాకు చెప్పలేదు.
అతను అన్నాడు.
అరవైకీ ఆరుకీ మధ్య ఏదో ఉఫ్‌మంది.

"సరిపోయాయా?"
తలూపాడు. సరిపోలేదు.
అద్దం ఇస్తే బోర్లా పెట్టాడు.
"భయమేస్తోందా?"
అడ్డంగా తలూపాడు.

తర్వాత లేచి
మెడలో కట్టిన కాగితపు గుడ్డతోనే
కిటికీ దగ్గరకెళ్ళి వేలు మడిచాడు.
మొదటిసారి గాలి.
రెండోసారి చిల్లుపడ్డ కెటిల్.
మూడోసారి సన్నగా, వంకరగా ఒక ఈల
కార్లు ఆపే చోటు దాటి పోయింది.
నీడలో పడుకున్న కుక్క తల ఎత్తింది.

డాక్టరుది వేరే దీవి, ఏమీ అర్థం కాలేదు.
బయట చీటీలు రాసే కుర్రాడు
ఈలభాష బళ్ళో నేర్చినవాడు,
తలుపు సందులోంచి చెప్పాడు:
"ఎడమవైపు గుచ్చుకుంటోందట."

ఆవిడ స్పిరిట్ దీపం వెలిగించి
చాకు వేడిచేసింది.