ఉప్పు అంటిన హ్యాండిల్

బరంపురం దాటేసరికి ఇంకా తెల్లారలేదు.
పాలవ్యాను లైటు మా వీపుల మీద పడి
రెండు పొడుగాటి నీడల్ని రోడ్డు మీద పరిచి
మళ్లీ చుట్టబెట్టుకుని పోయింది.
ముందు కుంతల, వెనక నేను.
టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇరవై తొమ్మిదేళ్లు
పక్కపక్క కుర్చీల్లో
"లైను ఖాళీ లేదు" అన్నవాళ్లం.

ఛత్రపురం దగ్గర ఒక కుర్రాడు,
ఒంటికి అతుక్కున్న చొక్కా, తలకి బొచ్చెలాంటి టోపీ,
పక్కకొచ్చి ఒడియాలో అడిగాడు
ఎన్ని కిలోమీటర్లయిందని.
కుంతల తెలుగులో లెక్క చెప్పింది:
రెండు టీలు, ఒకసారి చైను ఊడటం,
ఒక లకుముకి, అదీ అటు తిరిగి కూచున్నది.
నవ్వాడో లేదో,
అప్పటికే మలుపు తిరిగిపోయాడు.

తంపర చెరువు పక్కన పార్కు.
సిమెంటు మొసలి నోట్లో ఎవరో చిప్స్ కవరు పెట్టారు.
ఉయ్యాల గొలుసుల కిర్రు.
నూనె కోసం అర్జీ పెట్టి ఆర్నెల్లయిందట తోటమాలి.
నా సంచిలో బుడ్డి తీసి నాలుగు చుక్కలు వేశాను.
కిర్రు ఆగింది.
ఆయనకేమీ తోచలేదు కాసేపు.
"ఇంక పిల్లలొచ్చారో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

అక్కణ్ణుంచి మొగలిపొదల దారి.
పూసే కాలం కాదు, ముళ్ల కాలం.
అయినా ఏదో వాసన తగిలితే
కుంతల జడ దాకా తొక్కి చూశాను:
కొబ్బరినూనె.

హుమ్మా దగ్గర రోడ్డుకి ఓపిక తగ్గింది.
ఒక పక్క నీళ్లు.
ఇంకో పక్క, నీళ్లవుదామా వద్దా అని
ఆలోచిస్తున్న మట్టి.
ఉల్లంకి పిట్టలు బురదని టాకాలు వేస్తున్నాయి.
నారాయణపక్షి మాత్రం
రాని ట్రంకు కాల్ కోసం నించున్న మనిషిలా
ఒంటికాలి మీద.

గట్టు సన్నబడితే దిగి నడిపించాం.
ఉప్పుమడిలో అసిరమ్మ,
పారతో తెలుపుని దరికి లాగుతూ
మమ్మల్ని చూసి, సైకిలుని చూసి,
మళ్లీ సైకిలునే చూసి
"ఏటమ్మా, పనిమీదొచ్చినారా?"
లేదు, ఊరికే, అన్నాను.
ఆ మాట వెళ్లి మడిలో పడింది.
ఎవరూ ఎత్తలేదు.
"ఊరికే అంటే ఎలాగుంటాదో
ఒకపాలి తొక్కి సూడనా?"

చీర ఎగ్గట్టింది.
మొదటి రెండు వంకర్లూ మమ్మల్ని భయపెట్టడానికే.
మేస్త్రి ఒడియాలో మొదలెట్టి
తిట్టు దగ్గరకొచ్చేసరికి తెలుగులోకి దిగాడు.
ఆమె బెల్లు కొట్టింది.
మడి చుట్టూ ఒక చుట్టు. ఆగలేదు.
రెండు.
మూడో చుట్టులో ఉప్పుగుట్టల వెనక్కి పోయి
ఇక కనపడలేదు.

పావుగంట.
చెప్పకూడదు గానీ చెబుతాను,
మనసులో సైకిలు ఖరీదు లెక్కపెట్టాను.
తాళంచెవి గుప్పిట్లోనే ఉంది, దేనికో.
కుంతల అరటిపండు వలుస్తూ
"ఎన్ని కిలోమీటర్లు అయ్యుంటుంది?" అంది.

వచ్చింది.
దిగి, కొంగుతో సీటు తుడిచి
మాట్లాడకుండా పార అందుకుంది.
చాలాసేపటికి, వంగునే,
"అటేపు పిట్టలు సేనా ఉన్నాయి.
పదకొండేళ్లు, ఎప్పుడూ సూడనేదు."

మర్నాడు పీతాంబర్ సాహు షాపులో
హ్యాండిల్ రెండు పక్కలా తెల్లటి పట్టు.
"సముద్రంలో కడిగారా? తుప్పు తినేస్తుంది"
అని గుడ్డ తీశాడు.
నేను నోరు తెరిచేలోపు
ఎడమపక్క తుడిచేశాడు.
కుడిపక్కది ఉంది.