బెల్లం పద్దు

ఆడిట్ వారి కాగితం, మూడో పేజీ,
ఏడో అభ్యంతరం:
"గ్రంథాలయం పైకప్పు మరమ్మతు.
బెల్లం ముప్పై రెండు కిలోలు, కరక్కాయలు పదహారు.
ఇంజనీరింగ్ పనికి తినుబండారాలేల?
వివరణ ఇవ్వగలరు."

ఇస్తాను.

అయితే బకెట్టుతో మొదలుపెట్టాలి.
రెండో అంతస్తు రీడింగ్ రూములో
తూర్పు కిటికీ పక్కన పచ్చ ప్లాస్టిక్ బకెట్టు.
నేను ఏఈగా తిరుపతి వచ్చేనాటికే అది అక్కడుంది.
కార్తీకంలో వాయుగుండం పట్టి
కొండ మబ్బులో మునిగిందంటే
గురవయ్య గంటకోసారి దాన్ని వంపేవాడు.
స్టాకు రిజిస్టరులో దానికో నంబరు కూడా ఉంది,
ఫర్నిచరు కింద.

ఆరేళ్ళలో మూడుసార్లు తారు షీటు పరిచాం.
మూడుసార్లూ టెండరు. మూడుసార్లూ తక్కువకు పాడినవాడికే.
ఇరవై రెండు శాతం లెస్సుకు ఒప్పుకున్నవాడు
ఆ ఇరవై రెండూ ఎక్కడ మిగుల్చుకుంటాడో
వాడికి తెలుసు, నాకూ తెలుసు,
వానకి మా ఇద్దరికంటే ముందే తెలుసు.

నాలుగోసారి చెంగల్రాయులు మేస్త్రిని పైకి తీసుకెళ్ళాను.
షీటు అంచు లేపి అప్పడంలా విరిచాడు.
మోకాళ్ళ మీద వంగి
పుచ్చకాయ బేరమాడినట్టు కప్పును వేలి గణుపుతో కొట్టి విన్నాడు.
"మా నాయన కొట్టిన దిమ్మిస మేడమ్మా ఇది.
సున్నం సచ్చిపోలా.
మీరే తారు పూసి దానికి ఊపిరాడనీకుండా చేసినారు."

గానుగ సున్నం, ఇటుక జల్లి, కరక్కాయ నీళ్ళు, బెల్లం.
రేట్ల పుస్తకం మొత్తం వెతికాను.
బెల్లానికి రేటు లేదు.
'ఇతరములు' అని రాసి పంపితే
ఈఈ గారు పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.
సంతకానికి పదకొండు రోజులు పట్టింది.

చిత్తూరు మండీలో నల్లబెల్లం కొన్నాం.
దారిలో ఎక్సైజు వాళ్ళూ ఆపి ఇదే ప్రశ్న అడిగారు.
ఆ వివరణ విడిగా జతపరచలేదు.

దంచిన కరక్కాయలు తొట్టిలో నానబెడితే
మూడో రోజుకు పులిసిన వాసన
మెట్లు దిగి కెమిస్ట్రీ విభాగం దాకా నడిచింది.
ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని
చెక్క కొట్టుళ్ళతో ఐదు రోజులు కొట్టారు.
ఆ చప్పుడుకు చదువు సాగడం లేదని
కింద పరీక్షల పిల్లలు ఫిర్యాదు రాశారు.
న్యాయమైన ఫిర్యాదే. ఫైలులో ఉంది.

ఇక దాచకుండా చెప్పాలంటే
ముప్పై రెండు కిలోలూ కప్పులోకి పోలేదు.
మునెమ్మ కూతురి గుప్పిట్లో ఒక గడ్డ,
నాలుగింటి టీలో కొంత,
ఎండలో కళ్ళు తిరిగిన కుప్పమ్మ నాలిక మీద కొంత.
నాకూ ఒక ముక్క పెట్టారు. తిన్నాను.
ఎం-బుక్కులో పొడవుకు, వెడల్పుకు, మందానికి గడులున్నాయి,
నోట్లో కరిగినదానికి లేదు.
రెండు కిలోల ధర నా జీతంలోంచి
వసూలు చేసుకోవచ్చు.

ఫలితం కూడా అడిగారు.
మొన్న నాలుగు రోజులు తెరిపివ్వకుండా కురిసినప్పుడు
రాత్రి పదకొండింటికి టార్చి పట్టుకుని వెళ్ళాను.
ఒక కుర్రాడు తెరిచిన పుస్తకం మీద
చెంప ఆనించి నిద్రపోతున్నాడు,
ఇదివరకు నీళ్ళు కారేచోటే.
బకెట్టులో ఎండిన బల్లి గుడ్డు పెంకు తప్ప ఏమీ లేదు.
తీసేద్దామా అన్నాను.
"ఉండనీండి మేడం, ఇంకో వాన చూద్దాం"
అన్నాడు గురవయ్య.
మీకంటే గట్టి ఆడిటరు.

తమరు స్వయంగా చూడదలిస్తే
సాయంత్రం, రాయి చల్లబడ్డాక రండి.
చూసి అడుగు వెయ్యండి.
చీమలు ఇంకా తనిఖీ ముగించలేదు.

జతపరచినది: మండీ రసీదు, ఒకటి.
అంటుకుంటుంది, మెల్లగా విప్పగలరు.